మరచెంబు ఎప్పుడూ జారి పడలేదు

రండమ్మా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. నా మర అరిగిపోయి చాలా ఏళ్ళయింది, మూత నిలవదు. మూత నిలవని చెంబు నోరు ఎవరు మూయగలరు చెప్పండి?

నేను ఒక ఇత్తడి మరచెంబును. ప్రయాణాల్లో నీళ్ళు ఒలకకుండా తిప్పి బిగించే మూత, పట్టుకోవడానికి వంపు పిడి. నిండా నీళ్ళు పోస్తే పసిబిడ్డంత బరువు.

పుట్టడమే దెబ్బల మీద పుట్టాను. బుడితి అనే ఊళ్ళో ఒక కంచరి నన్ను ఎర్రగా కాల్చి సుత్తితో బాదాడు. బాదినంతసేపూ కూనిరాగం తీశాడు. చేతిలో సుత్తి ఉన్నప్పుడు మనిషి ఎంత హాయిగా పాడతాడో నాకు అప్పుడే తెలిసింది.

ఎర్నమ్మ పెళ్ళికి ఆమె తల్లి నన్ను సారెలో పెట్టింది. "దూరాబారం ఎల్లినప్పుడు నీల్లకి ఎవుల్నీ దేబిరించక్కర్నేదు" అంది. పన్నెండేళ్ళలో ఎర్నమ్మ ఏ దూరమూ వెళ్ళలేదు. వెళ్ళిందల్లా నేనే, ఆమె మొగుడు అప్పలసూరి చేతిలోంచి ఆమె నుదుటి దాకా. కూరలో ఉప్పెక్కితే విసిరేవాడు. వాన పడకపోతే విసిరేవాడు. వాన పడితే ఇల్లు కారుతోందని విసిరేవాడు. నా నడుముకున్న ఈ సొట్ట ఆమె కనుబొమ ఎముక మీద పడిందే.

పక్కింటివాళ్ళు అడిగితే ఎర్నమ్మ ఏం చెప్పేదో తెలుసా? "అటక మీంచి సెంబు జారి పడిందప్పా" అనేది. విన్నారా! నేను పడ్డానట. ఆ అటక మీంచి నేను ఒక్కనాడూ పడలేదు. అయినా ఆ నింద మోశాను. ఇత్తడికి సిగ్గేమిటి?

ఒకనాడు రెండు పళ్ళు రాలాయి. నాలో నీళ్ళతోనే నోరు పుక్కిలించింది, ఆ ఎరుపు పెరట్లో ఉమ్మింది, కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. పలాసలో జీడిపిక్కలు కొట్టే చోట ఒక మనిషి కావాలనీ, తలదాచుకోవడానికి గదీ ఇస్తారనీ ఆమె పినతల్లి కూతురు కబురు పంపి ఉంది. రేపు పొద్దుటికి రాకపోతే ఆ చోటు ఇంకొకరిది. నన్ను నింపుకొని, కట్టుబట్టతో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒంటరిగా విజయనగరం స్టేషన్‌కి నడిచింది.

జనరల్ పెట్టెలో ఒక చట్టముంది, ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. కిటికీలోంచి ముందు ఎవరి తువ్వాలు పడితే సీటు వాళ్ళది. పాసింజరు ఆగీ ఆగకుండానే నలువైపులా తువ్వాళ్ళు ఎగిరాయి. ఎర్నమ్మకు తువ్వాలు లేదు. ఊచలు ఊడిన కిటికీ ఒకటి కనిపించింది. ఉన్నదాన్ని విసిరింది.

నిండు చెంబును!

అవతలి వాకిలి నుంచి ఎక్కి, అప్పుడే ఆ సీట్లో కూలబడుతున్న గంగులు నడినెత్తిన దిగాను. జాతరల్లో ఆడే తప్పెటగుళ్ళ జట్టుకు పెద్ద అతను. రక్తం చెవి వెనక నుంచి కాలువ కట్టింది. జట్టులో పదకొండుమందీ పిడికిళ్ళు బిగించి లేచారు. "ఎవులిదిరా ఈ సెంబు?"

ఎర్నమ్మ లోపలికి వచ్చి, రక్తం చూసి, అలవాటు కొద్దీ రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకొని ముడుచుకుపోయింది. ఆ చేతులు చూశాక ఒక్కడూ చెయ్యి ఎత్తలేదు.

ఎదుటి బల్ల మీద ఎండుచేపలమ్మే నూకాలు, నిప్పు నోట్లో పెట్టుకొని అడ్డచుట్ట కాలుస్తోంది. చుట్ట తీసి తీర్పు చెప్పింది. "సెంబు పడ్డాది. సీటు ఆ మనిసిదే."

"పడ్డాది నా నెత్తి మీద కాదేటి!" అన్నాడు గంగులు.

"నీ నెత్తి సీటు మీదున్నాదా, నేదా?"

గంగులు రక్తం తుడుచుకొని ఆలోచించాడు. "ఉన్నాది" అని లేచి సీటిచ్చాడు. మగవాళ్ళలో న్యాయం లేదని నేనెప్పుడూ అనను తల్లీ, దెబ్బ తగిలితే గాని పైకి రాదంతే.

నూకాలు నా నీళ్ళతోనే గాయం కడిగి, బొడ్డుసంచిలోని పసుపు అద్ది గుడ్డ కట్టింది. "అమ్మీ, ఉత్తి సెంబు ఇసిరితే సరిపోను గదా, నీల్లెట్టి మరీ ఇసిరినావు" అన్నాడు గంగులు. ఎర్నమ్మ నవ్వింది. పళ్ళూడిన సందుతో సహా నవ్వింది. పన్నెండేళ్ళలో ఆ చప్పుడు నేను వినలేదు.

ఇక ఆ సాయంత్రం చూడాలి! చద్దన్నం మూటలు విప్పారు. నూకాలు వేయించిన నెత్తళ్ళు పంచింది. నేను పద్నాలుగు నోళ్ళు తిరిగాను. పొద్దు తాటిచెట్ల వెనక్కి జారుతుంటే జట్టువాళ్ళు గుండ్రటి రేకు తప్పెటలు గుండెలకు కట్టుకొని, పెట్టె విరిగిపోతుందా అన్నట్టు గెంతారు. అవీ దెబ్బలేనమ్మా, కాని పాటొచ్చే దెబ్బలు. ఒక తప్పెట తీసి ఎర్నమ్మ గుండెకు కట్టారు. కొట్టింది, చేతులు ఎర్రబడేదాకా కొట్టింది.

తిలారులో మా పెట్టెలోకి అప్పలసూరి ఎక్కాడు. విజయనగరంలోనే వెనక పెట్టెలో ఎక్కి, స్టేషన్ స్టేషన్‌కీ పెట్టె మారి వెతుక్కుంటూ వచ్చాడట. వస్తూనే ఆమె జుట్టు చేతికి చుట్టుకొని ఈడ్చాడు. తప్పెట నేల మీద పడి సొట్టపోయింది. "దిగుతావా, ఇక్కడే సంపేమంతావా?"

"ఎవులు బావూ నువ్వు?" అన్నాడు గంగులు.

"మొగుణ్ణి. మెల్లో పుస్తి కట్టినోణ్ణి. ఇది నాది."

"పుస్తి కట్టడమంటే సీటు మీద తువ్వాలేసినట్టనుకున్నావేటిరా, సచ్చినోడా!" అని నూకాలు లేచింది. అతను ఆమె గంప తన్నాడు. చేపలు చెల్లాచెదురయ్యాయి. గంగుల్ని కట్టు మీదే గుద్దాడు, రక్తం మళ్ళీ చిమ్మింది. తర్వాత సీటు మీద నన్ను చూశాడు. ఆ అరచేతి చెమట నాకు బాగా తెలుసు. ఎత్తాడు.

ఈసారి ఎర్నమ్మ తల కాచుకోలేదు. నా పిడి పట్టుకుంది. అతను లాగాడు, ఆమె లాగింది. చేపల మీద అతని కాలు జారింది, పిడి ఆమెకు దక్కింది. అతని నుదుటి ఎముక నా కింద పటుక్కుమంది. రెండో దెబ్బ కనుబొమ చీల్చింది. మూడో దెబ్బకు ఎత్తితే గంగులు చెయ్యి పట్టుకున్నాడు. "సాలమ్మీ. పలాస ఎల్లాల గదా."

నౌపడాలో పోలీసు ఎక్కాడు. ఇద్దరు మగవాళ్ళు నెత్తురోడుతున్నారు, మధ్యలో ఒక ఆడమనిషి చెంబుతో నిలబడి ఉంది. "ఎవరు కొట్టారు?" అన్నాడు. నిజం బయటపడితే ఎర్నమ్మను అక్కడే దింపుతాడు, తెల్లారేసరికి పలాస చోటు పోతుంది.

గంగులు తన కట్టు చూపించాడు. "పైనించి సెంబు పడ్డాది బాబూ. ముందు నా మీద, మల్లీ ఆడి మీద."

పోలీసు నమ్మలేదు. అప్పలసూరి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఈవిడ కొట్టిందా?"

అప్పలసూరి నోరు తెరిచాడు. పెట్టెనిండా మగవాళ్ళు అతన్నే చూస్తున్నారు. పెళ్ళాం చేతిలో దెబ్బలు తిన్నానని అంతమందిలో ఎలా చెబుతాడు? తల వంచుకున్నాడు.

"నేదు బాబూ. సెంబు జారి పడ్డాది."

ఎర్నమ్మ పమిటతో నన్ను తుడుస్తోంది. ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ మాట ఆమెకు కంఠతా వచ్చు.

అతన్ని నౌపడాలో దింపేశారు. పలాసలో ఎర్నమ్మ వేళ్ళు జీడిసొనకు నల్లబడ్డాయి గాని, నుదురు మళ్ళీ చిట్లలేదు. జాతరలకు పోతూ ఏటా గంగులు దిగి, నెత్తి తడుముకుంటూ నాలో నీళ్ళు తాగి వెళ్ళేవాడు. ఇప్పుడు ఆమె గూట్లో చింతపండు మోస్తూ కూర్చున్నాను.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి తల్లీ, మీరు వెళ్ళినచోటల్లా చెప్పండి. మీ వీధిలో ఏ ఆడకూతురైనా నుదుటికి గుడ్డ కట్టుకొని "చెంబు జారి పడింది" అంటే, తలూపి వెళ్ళిపోకండి. పక్కన కూర్చోండి. ఒక ముసలి చెంబు చెప్పమందని చెప్పండి. మేము మా అంతట మేము ఎప్పుడూ పడం.