కుట్టేసిన పేజీలు

ఆపిల్ పెట్టె కొనేటప్పుడు నేను పైవరస చూడను. పైవరస ఎప్పుడూ బాగానే ఉంటుంది. అడుగున రెండు కాయలు తీసి నొక్కితే సరుకు సంగతి తేలిపోతుంది. పండ్ల మార్కెట్లో ఇన్నేళ్లూ ఈ పద్ధతి మీదే నెట్టుకొచ్చాను. నా చదువంటారా, పేపర్లో ధరల పేజీ, వాతావరణం. అంతే.

మా ఆవిడవి ప్రేమ నవలలు. పక్కవాటా దర్జీ వదినా తనూ పుస్తకాలు మార్చుకుని, సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని, లేని మనుషుల గురించి కొట్టుకునేవాళ్లు. దర్జీ వదిన ఊరు మారింది. ఆ తర్వాత మా ఇంట్లో "భోజనం పెట్టనా", "తలుపు వేశారా" తప్ప మాట మిగల్లేదు. నష్టమెక్కడో నాకు తెలిసింది. ఇలాగే వదిలేస్తే ఇద్దరం ఒకే ఇంట్లో అద్దెకున్నవాళ్లలా తయారవుతాం.

"నాకూ ఒకటివ్వు, చదువుతా," అన్నాను.

ఆమె చేతిలో గరిటె ఆగింది. "మీరా? ఒంట్లో బాగానే ఉందా?"

లావుపాటి పుస్తకం ఇచ్చింది. కొట్లో కూర్చుని ముందు చివరి పేజీలు తిరగేశాను. స్టేషన్లో ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. సరుకు మంచిదే అనుకుని మొదటికొచ్చాను. అక్కణ్ణుంచి మొదలైంది నా ఖర్మ. అతనికి ఆమె ఇష్టం, ఆమెకి అతను ఇష్టం, ఒక్కరూ నోరు విప్పరు. వాన కురుస్తుంది, కాఫీ చల్లారుతుంది, గొడుగు మర్చిపోతారు. ఇంతగా నాన్చితే మా బజార్లో లోడంతా కుళ్లిపోయేది.

సాయంత్రం ఆమె రెండు గ్లాసుల్లో టీ తెచ్చి పక్కన కూర్చుంది. చాలా రోజులైంది అలా కూర్చుని.

"ఎందాకా వచ్చారు?"

"గొడుగు దగ్గరికి. అయినా ఎందుకే అంత ఆరాటం? చివర్లో స్టేషన్లో కలుస్తారుగా."

ఆమె ముఖం వాడిపోయింది. "చివర చూసేశారా?"

"చూడకుండా ఎలా తీసుకుంటాను?"

"అది పండ్ల పెట్టె కాదండీ." లేచి రెండు గ్లాసులూ పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి "తలుపు వేశారా" కూడా పోయింది. పంతం కొద్దీ పుస్తకం పూర్తి చేశాను. ఆ మాట చెబితే, "మొదటిరోజే చేశారుగా," అంది. సిగ్గు విడిచి ఇంకొకటి అడిగాను. ఇచ్చింది. చివరి పేజీలన్నీ కలిపి దారంతో కుట్టేసి ఉన్నాయి.

"దర్జీ వదిన నేర్పిన కుట్టు. విప్పేది నేనే," అంది.

ఈ కథలో ఒక నర్సుకి ఉత్తరం వస్తుంది. మహాతల్లి కవరు చించదు! సొరుగులో పెడుతుంది, తీస్తుంది, మళ్లీ పెడుతుంది. నా ఒళ్లు మండిపోయింది.

"ఏం బాబాయ్, రేటు చెప్పవా?" అని కొనడానికొచ్చినవాడు అరిచాడు.

"ఆగవయ్యా, ఈవిడ ఇంకా కవరు చించలేదు!"

చెయ్యి అలవాటుగా పుస్తకం అడుగుకి పోయింది. కుట్టు గట్టిగా ఉంది. పెట్టెల తాళ్లు కోసే కత్తి పక్కనే ఉంది. తీశాను, మళ్లీ బల్ల మీద పడేశాను. షట్టరు దించి ఇంటికి నడిచాను.

ఆమె మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంది.

"ఆ కవరు చించుతుందా, చించదా?"

"చెప్పను."

"పోనీ, రాసినవాడు మళ్లీ వస్తాడా?"

"చెప్పనన్నానా!"

"ఏం మనుషులే వీళ్లు? చించి చదవాలి, లేదా పొయ్యిలో పడెయ్యాలి! వాడికైనా ఎదురుగా వచ్చి చెప్పడానికి ఏం రోగం?"

వీధంతా వినబడేలా అరుస్తున్నాను. ఆమె కాస్త పక్కకి జరిగి మెట్టు మీద చోటిచ్చింది.

"కూర్చుని తిట్టండి. ముందు ఆమెనా, అతన్నా?"