తెర ముందు కట్ పీసు

నేను ఒక కట్ పీసుని. కొట్లో బట్టల తాను అంతా అమ్ముడుపోయాక చివర మిగిలిపోయే ముక్క ఉంటుంది చూడండి, అదే నేను. ఉత్తరాదిన ఎక్కడో మరమగ్గాల షెడ్డులో పుట్టాను. చెవులు చిల్లులు పడే చప్పుడు మధ్య నేశారు నన్ను. తర్వాత ముదురు నీలం రంగులో ముంచి, మీద అరచేయంత పసుపు పచ్చ పూలు, వాటి చుట్టూ ఆకుపచ్చ తీగలు అచ్చు వేశారు. రంగులు కలిపే ముసలాయన ఒకాయన "ఇంతింత పూలేమిటి, ఎవరు కట్టుకుంటారు?" అని విసుక్కున్నాడు. ఆయన విసుగు నాకేం ఎక్కలేదు. పుట్టిన ప్రతివాడికీ తన మొహం తనకి బాగానే ఉంటుంది.

లారీ ఎక్కి రాజమండ్రి వచ్చాను. అద్దాల తలుపుల పెద్ద కొట్టు. ఏసీ చల్లదనంలో తానుగా నిలబడి ఉన్నన్నాళ్ళూ నాకు మర్యాద జరిగింది. వచ్చినవాళ్ళు రెండు వేళ్ళతో సుతారంగా తాకేవారు. ఒక రోజు ఏదో సంస్థ తరఫున ఇద్దరు వచ్చి దాదాపు తానంతా కోయించుకుని పట్టుకుపోయారు. మిగిలిన కాస్తా నేను. అంతే, ఆ సాయంత్రమే నన్ను గోనెసంచిలో కుక్కి బయటికి తోసేశారు. అదే మగ్గం, అదే రంగు, అవే పూలు. తానులో ఉంటే బట్ట, మిగిలితే ముక్క! మనుషుల లెక్క ఇది. వాళ్ళలో వాళ్ళు కూడా ఇదే లెక్క వేసుకుంటారని నాకు తర్వాత తెలిసింది.

గోనెసంచి తాడితోటలో తెరుచుకుంది. రాజమండ్రిలో బట్టల వ్యాపారమంతా అక్కడే కదా. లోపల హోల్‌సేల్ కొట్లు, బయట రోడ్డు వార పట్టాలు పరుచుకుని కట్ పీసుల గుట్టలు. మా గుట్ట యజమాని పేరు కాసులు. తలకి తువ్వాలు చుట్టుకుని, బొంగురు గొంతుతో "రండమ్మా రండి, కంపెనీ మాలండమ్మా!" అని పొద్దుణ్ణించీ అరిచేవాడు. ఏ కంపెనీయో అతనికీ తెలియదు, మాకూ తెలియదు.

ఆదివారం వస్తే హాస్టలు పిల్లలు గుట్ట మీద పడేవారు. పెద్ద కొట్లో సోఫాలో కూర్చుని "అది తియ్యండి, ఇది తియ్యండి" అనే వాళ్ళకంటే ఈ పిల్లలకే బట్ట సంగతి బాగా తెలుసునని నా అభిప్రాయం. మోచేతుల దాకా గుట్టలోకి చేతులు దూర్చేస్తారు. ముక్కుకి ఒక కొస ఆనించి, చెయ్యి చాచి గజం కొలిచేస్తారు. వేలు తడి చేసి రుద్ది రంగు దిగుతుందేమో చూస్తారు. ఎండకేసి పట్టి అవతల మనిషి కనిపిస్తున్నాడేమో చూస్తారు. నచ్చిందని మాత్రం మొహంలో కనపడనివ్వరు. అది వాళ్ళ విద్యలన్నిటిలోకీ పెద్ద విద్య.

అలా నన్ను బయటికి లాగిన పిల్ల పేరు వీరవేణి. గోకవరం దగ్గర పల్లెటూరు, ఇక్కడ ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో బీకాం రెండో సంవత్సరం. పక్కన ఆమె రూమ్మేటు మార్త. నన్ను చూడగానే వీరవేణి కళ్ళు మెరిశాయి. మార్త వెంటనే ఆమె కాలు తొక్కింది.

"ఛీ, ఇంతింత పూలేంటే. పెట్టెయ్, పెట్టెయ్," అంది మార్త గట్టిగా, కాసులుకి వినపడేలా.

"అమ్మాయిగారూ, అలాగంటారేంటండీ! పట్టుకు సూడండి ఎంత దిట్టంగా ఉందో. పన్నా సూడండి, ఎంత ఎడల్పుందో! ఈ పన్నా మీకు ఊరంతా తిరిగినా దొరకదండి."

"దిట్టంగా ఉంటే ఉక్కపోస్తది బాబాయ్ గారూ. ఇది ఎవరూ కొనరు. మీరే మాకు డబ్బులిచ్చి తీసుకెళ్ళమనాల," అంది మార్త.

"ఆయ్! గొప్పోరే మీరు. కాలేజీలో ఇయ్యేనా సెప్పేది?"

మార్త సగం ధరకి అడిగింది, కాసులు తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ లేచి నాలుగు అడుగులు నడిచారు. కాసులు వెనక్కి పిలవలేదు. ఆ నాలుగడుగుల్లో వీరవేణి మొహం ఎలా వాడిపోయిందో నేను చూశాను. ఆ తర్వాత కాసులు నవ్వుతూ, "సరే రండమ్మా, మీ మాటే కానివ్వండి" అన్నాడు. మార్త మాట నెగ్గింది. వీరవేణి మాత్రం నన్ను సంచిలో పెట్టుకోకుండా ఛాతీకి హత్తుకుని నడిచింది.

అంత ఆత్రం ఎందుకో చెప్తాను. కాలేజీ వార్షికోత్సవానికి మైకు పట్టుకుని కార్యక్రమం నడిపే పని ఆమెకి వచ్చింది. ఎప్పుడూ అది ఊళ్ళో పెద్ద స్కూళ్ళలో చదివొచ్చిన పిల్లలకే ఇచ్చేవారట. ఈసారి లెక్చరర్ విమల మేడం అందరి గొంతులూ విని, "నువ్వే చెయ్యాలి వేణీ" అన్నారు. వెంటనే, "కానీ ఆ రోజు కాస్త మంచి డ్రెస్సులో రావాలమ్మా, ముఖ్య అతిథి వస్తున్నారు" అని కూడా అన్నారు. ఒకవేళ ఏదైనా తేడా వస్తే ఉంటుందని ప్రణవి అనే అమ్మాయిని సిద్ధంగా పెట్టారు. వీరవేణి దగ్గర ఉన్నవన్నీ మోచేతుల దగ్గర రంగు వెలిసినవే. అంచేత మైకు తన చేతిలో ఉండాలంటే నేను కుదరాలి. ఇదీ సంగతి.

దేవీచౌక్ దగ్గర సందులో బేబీ అక్క అనే టైలరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆమె నన్ను బల్ల మీద పరిచి, "అబ్బ, పన్నా భలే ఉందే! మోచేతుల దాకా చేతులు కూడా వస్తాయి. లైనింగు కూడా అక్కర్లేదు," అంది. ముగ్గురూ సంబరపడిపోయారు. ఇంత వెడల్పు, ఇంత మందం ఒక కుర్తీ బట్టకి ఎందుకుందని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. అడగడానికి వాళ్ళకి తీరికేదీ! లైనింగు ఖర్చు మిగిలిందన్న ఆనందంలో మెయిన్ రోడ్డుకి పరిగెత్తి, తోపుడు బండి మీద నా పూలకి సరిపోయే పసుపు పూసల బుట్ట కమ్మలు వెతికారు. ఒక జత చూసి వీరవేణి "ఇది వద్దులే" అంటే మార్త, "నోరు మూసుకుని చెవికి పెట్టు. మైకు పట్టుకున్నప్పుడు అందరూ చూసేది చెవులే" అంది. లెగ్గింగు పాతదే. చున్నీ మార్తది. చెప్పులు పక్క రూము అమ్మాయివి. ఒక పిల్ల స్టేజీ ఎక్కాలంటే ఒక హాస్టలు అంతా కలిసి తయారు చెయ్యాలి మరి.

బేబీ అక్క నన్ను మనసు పెట్టి కుట్టింది. మెడ చుట్టూ సన్నటి పసుపు పైపింగు వేసింది. వీరవేణి తొడుక్కుని అద్దం ముందు నిలబడితే, తానులో మర్యాదగా నిలబడ్డ రోజుల్లో కూడా నాకు అంత పొగరు రాలేదు.

వార్షికోత్సవం రోజు వచ్చింది. వీరవేణి హాలు గుమ్మంలో అడుగు పెట్టి ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను.

స్టేజీ మీద ఈ చివర నుంచి ఆ చివరకి కొత్త తెర. ముదురు నీలం. అరచేయంత పసుపు పచ్చ పూలు. ఆకుపచ్చ తీగలు. నా తోడబుట్టినవాళ్ళంతా కుచ్చిళ్ళు పెట్టుకుని వరసగా వేలాడుతున్నారు! ఆ రోజు పెద్ద కొట్లో తానంతా కోయించుకుపోయింది ఈ కాలేజీవాళ్ళేనన్నమాట. నేను కుర్తీ గుడ్డని కాను, తెర గుడ్డని. ఆ నిమిషం దాకా ఆ ముక్క నాకూ తెలియదు.

"ఒసేయ్, తెర నడిచొస్తోందే!" అని ఎవరో అరిచారు. హాలు హాలంతా గొల్లుమంది.

విమల మేడం పరుగున వచ్చారు. "అయ్యో, ఇదేం డ్రెస్సు తల్లీ! స్టేజీ ఎక్కితే నువ్వు కనపడవు. తలకాయ ఒక్కటే గాల్లో మాట్లాడుతున్నట్టుంటుంది."

"తెలీదండి మేడం. కొత్త తెర వేస్తున్నారని తెలీదండి."

మేడం ఆమెని స్టేజీ పక్క నుంచి తెర వెనక్కి తీసుకెళ్ళారు. అక్కడ పెచ్చులూడిన గోడ, చెమ్మ మరకలు, కాళ్ళు విరిగిన బెంచీల గుట్ట. ముఖ్య అతిథి కంట పడకుండా దాచడానికే తెర కొన్నారని నాకు అర్థమైంది. మేడం గొంతు తగ్గించారు.

"ఒక పని చేద్దాం. నువ్వు ఇక్కడ నిలబడి మైకులో మాట్లాడు. తెర ముందు ప్రణవి ఇంకో మైకు పట్టుకుని నిలబడుతుంది. గొంతు నీదే కదా, ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందండి," అంది వీరవేణి.

"మొండితనం పనికిరాదు వేణీ. పోనీ ప్రణవి దగ్గర పెద్ద చున్నీ ఉంది, నిండా కప్పుకో. డ్రెస్సు కనపడదు."

పాపం ప్రణవి చున్నీ పట్టుకుని పక్కనే నిలబడింది. ఖరీదైన షిఫాను. వీరవేణి దాన్ని చూసింది. ఆమె గుండె టకటకా కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. కప్పుకుంటే సగం గొడవ తీరిపోతుంది. నన్ను దాచేస్తే తను బయటపడుతుంది. నేనైతే దాచెయ్యమనే చెప్పేవాణ్ణి, నోరుంటే.

"కప్పుకోనండి. ఎండలో గుట్టంతా వెతికి ఇష్టపడి కొనుక్కున్నానండి. మాట నాదైతే మొహమూ నాదే, డ్రెస్సూ నాదేనండి."

ఆ మాట అనేసి, మేడం జవాబు కోసం చూడకుండా, తెర పక్కకి తోసుకుని స్టేజీ మీదకి వచ్చేసింది.

నవ్వులు లేచాయి. ముందు వరసలో ముఖ్య అతిథి కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నారు. వీరవేణి మైకు దగ్గర నిలబడి, "నవ్వుకోండి, నేనాగుతాను" అంది. నిజంగానే ఆగింది. నవ్వేవాళ్ళకి ఎదురుగా మనిషి నిలబడి చూస్తుంటే ఎంతసేపని నవ్వుతారు? కొంచెం కొంచెంగా చప్పుడు తగ్గింది.

"నమస్కారమండి. నా పేరు వీరవేణండి. నేనూ మా కాలేజీ ఒకే తానులో బట్ట కొనుక్కున్నామండి. కాలేజీ పెద్ద కొట్లో కొనుంటుంది, నేను తాడితోట రోడ్డు మీద కొన్నాను. కాలేజీకి బేరమాడడం రాదండి, మా మార్తని తీసుకెళ్ళాల్సింది."

ఈసారి నవ్వు వేరేగా వచ్చింది. ఆమె మీద కాదు, ఆమెతో. అక్కడితో ఆపితే బాగానే ఉండేదేమో. ఆపలేదు.

"ఇంకో తేడా కూడా ఉందండి. ఆ తెర వెనకాల పెచ్చులూడిన గోడుంది. నేను మాత్రం ఏదీ దాచట్లేదండి. ఇక కార్యక్రమంలోకి వెళ్దాం."

వెనక బెంచీల్లోంచి ఈలలు, చప్పట్లు. ప్రిన్సిపాల్ కామేశ్వరి గారి మొహం ఎర్రబడింది. వీరవేణి చివరిదాకా కార్యక్రమం నడిపింది. అతిథిగారి డిగ్రీలు చదివేటప్పుడు ఒకచోట తడబడింది, సర్దుకుంది. అందరూ ఆమె మొహమే చూశారు. నా పూలలో ఆమె కలిసిపోలేదు.

దిగగానే కబురు వచ్చింది: రేపు ప్రిన్సిపాల్ గదికి రమ్మని.

మర్నాడు మార్త బతిమాలింది. "వేరేది వేసుకెళ్ళవే బాబూ. ఆవిడ కళ్ళబడితే కాలేజీలోంచి గెంటేస్తుంది." వీరవేణి వినలేదు. నన్నే తొడుక్కుంది. తీరా లోపలికి వెళ్తే, ఆ గది కిటికీలకి కూడా మా వాళ్ళే వేలాడుతున్నారు! కామేశ్వరి గారు ఒకసారి కిటికీ వంక, ఒకసారి మా వంక చూశారు.

"ఇవాళ కూడా అదే వేసుకొచ్చావా?"

"నాకున్న మంచి డ్రెస్సు ఇదేనండి. మీ దగ్గరికొస్తా పాతది వేసుకురాలేను కదండి."

"గోడ సంగతి అందరి ముందూ చెప్పాలా?"

"నన్ను తెర వెనక్కి వెళ్ళమన్నారండి. వెళ్తే కనపడింది. కనపడింది నోటికొచ్చేసిందండి."

"సారీ చెప్పు."

"గోడ గురించి చెప్తానండి. డ్రెస్సు గురించి మాత్రం చెప్పనండి."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. "సరే, గోడకే చెప్పు."

"సారీ అండి."

"వెళ్ళు." గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి మళ్ళీ పిలిచారు. "ఇదిగో అమ్మాయ్, ఆ మెడ ఎవరు కుట్టారు?"

ఆ తర్వాతి ఏడాది మైకు ప్రణవికే ఇచ్చారు. అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు. అలాగని వీరవేణి నోరు మూసుకోలేదు. చదువు పూర్తయ్యేదాకా వారానికోసారైనా నన్ను వేసుకుని అదే హాల్లోకి వెళ్ళింది. మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత కాసులు గుట్ట ఎక్కడని అడిగారు. గోడకి సున్నం వేయించారు లెండి.

ఇప్పుడు ఆమె కాకినాడలో ఉద్యోగం చేస్తోంది. మీటింగుల్లో అందరూ లోపల గొణుక్కునే మాట తను లేచి అడుగుతుందని, దానికి పైవాళ్ళు విసుక్కుంటారని ఫోనులో మార్తకి చెప్తుంటే వింటూంటాను. నా నీలం వెలిసి బూడిద రంగయింది. చంకల దగ్గర చిరిగాను. ఒక రోజు తనే కత్తెర తీసుకుని, కాసేపు నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ముక్కలు చేసింది. ఇప్పుడు వంటింట్లో మసిగుడ్డని.

జాలిపడకండి. మేకుకి మెత్తటి కొత్త తువ్వాళ్ళు రెండు వేలాడుతుంటాయి, అందంగా, ఇస్త్రీతో. పొయ్యి మీద పప్పు గిన్నె సలసలా పొంగిందనుకోండి, వాటి జోలికి ఎవరూ వెళ్ళరు. ఆమె చెయ్యి నా కోసమే వస్తుంది. ఆవిరి కొడుతుంది, అంచులు మాడతాయి. మాడితే మాడనివ్వండి. గిన్నె కింద పెట్టేదాకా ఆ చెయ్యి కాలనివ్వను.