పద్నాలుగో పేజీ

భర్త తాను తాగిన టీ కప్పు తానే కడిగి బోర్లించిన రోజున ఆమెకు మొదటిసారి అనుమానం వచ్చింది. పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఆ కప్పు బల్ల మీద, కిటికీ గట్టు మీద, టీవీ పక్కన, ఒకసారైతే బాత్రూంలో సబ్బుపెట్టె పక్కన కూడా దొరికింది గానీ సింకులో మాత్రం ఏనాడూ దొరకలేదు. అలాంటిది ఇవాళ కడిగి, తుడిచి, బోర్లించి, పైగా "ఇంకేమైనా ఉన్నాయా కడగాల్సినవి?" అని అడిగాడు. నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదని సామెత కట్టిన పెద్దలు కప్పు కడిగే మగవాడి సంగతి చెప్పకుండా పోయారు. ఆమె చేతిలోని గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఏదో ఉంది, అనుకుంది.

ఏముంటుంది? జబ్బా? నిన్ననే మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. ఇంకో ఆడదా? ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకే నవ్వొచ్చింది. సాక్సు జత కలుపుకోవడం చేతకాని మనిషి రెండు కాపురాలు ఎలా కలుపుకొస్తాడు! మర్నాడు కాలేజీలో లైబ్రేరియన్‌తో చెబితే ఆవిడ పుస్తకాల మీద స్టాంపు కొడుతూ, "ఊరికే మంచివాళ్ళయ్యే వయసు దాటిపోయింది మనవాళ్ళకి. ఓ కన్నేసి ఉంచు," అంది. ఆ మాటతో ఆమె అనుమానానికి కాళ్ళొచ్చాయి.

భార్యాభర్తలిద్దరూ ఒకే కాలేజీలో పనిచేస్తారు. ఆయన ఫిజిక్స్ హెడ్డు. ఆమె ఆఫీసు సూపరింటెండెంటు. ఆయన వెళ్ళేది క్లాసుకి, ఆమె వెళ్ళేది కౌంటరుకి. అందుకని ఇంట్లో కూడా ఆయనది 'ఉద్యోగం', ఆమెది 'ఆఫీసు పని'. ఏడాదిన్నర కిందట ఆమె ఉన్నత విద్యా నాయకత్వంలో ఆన్‌లైన్ ఎం.ఏ.కి చేరింది. కాలేజీలు ఎలా నడవాలో, ఎవరు నడపాలో నేర్పే చదువు. ఆ వారమే ఆయన స్నేహితులు భోజనానికి వచ్చారు. "మా ఆవిడ లీడర్‌షిప్ చదువుతోందండోయ్! ప్రాక్టికల్స్ ఇంట్లో ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు థియరీ రాస్తోందంతే," అన్నాడాయన. అందరూ విరగబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఎంగిలి ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ. అత్తగారు ఇంకాస్త పెద్దమనసు చేసుకుంది. "చదువుకో అమ్మాయ్, ఎవరొద్దన్నారు? ఇంట్లో పని ఆగకపోతే చాలు." ఎంత ఉదారమైన మాటో చూడండి! అడ్డుపెట్టనని చెబుతూనే ముళ్ళకంప తెచ్చి గుమ్మంలో పెట్టడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య.

పని ఆగలేదు. కాబట్టి చదువే పనిలో ఇరుక్కుని సాగింది. కూర్చుని రాయడానికి ఆమెకు రెండు చేతులూ ఖాళీగా ఎప్పుడుంటాయి గనక? ఫోను గట్టు మీద నిలబెట్టి, మాట్లాడితే అదే అక్షరాలుగా రాసుకుపోయే ఏర్పాటు పెట్టుకుంది. కూరగాయలు తరుగుతూ ఒక పేరా, బట్టలు మడత పెడుతూ ఒక పేరా. ఫోనుకి పాఠమేదో, సంసారమేదో తెలియదు కదా, విన్నదల్లా రాసేసేది. "నాయకత్వమంటే అధికారాన్ని పంచుకోవడం తలుపెవరో కొడుతున్నారు చూడండి" అని ఒకసారి. "నిర్ణయాలలో విద్యార్థుల భాగస్వామ్యం ఉప్పు వేశానా లేదా" అని ఇంకోసారి. ఆదివారం మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తున్నప్పుడు కూర్చుని ఈ తాలింపంతా ఏరేసి, వ్యాసం శుభ్రం చేసి పంపేది. ఆ గంటన్నర ఆమెకు ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు. చెబితే అందులోకి కూడా ఏదో ఒక పని తెచ్చి పెడతారని భయం.

కప్పు కడిగిన మర్నాటి నుంచి ఆయన వరస మారిపోయింది. "ఈ వారం ఏం రాశావోయ్?" అని అడగడం మొదలుపెట్టాడు. చివరి పరీక్షకి ఆమె రాస్తున్న పెద్ద ప్రాజెక్టు గురించి అయితే మరీ శ్రద్ధ. "ఫోను పోతే అంతా పోతుంది, కంప్యూటర్‌లోకి కూడా వచ్చేలా పెడతానుండు," అని అడక్కుండానే పెట్టాడు. ఆమె థాంక్స్ చెప్పింది. చెబుతున్నప్పుడు కూడా ఆ కడిగిన కప్పే గుర్తొచ్చింది. అన్నిటికీ అనుమానపడితే ఎలా బతుకుతామే, అని తనని తానే తిట్టుకుంది. మనవాళ్ళు ప్రేమగా ఉంటే భరించలేని స్థితికి వచ్చానా, అని ఒకరోజు కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆమెకు ఒళ్ళు మండేది ఆ కన్నీళ్ళ గురించే.

ఆ ప్రాజెక్టు ఆమె పంతొమ్మిదేళ్ళ కౌంటరు అనుభవం. ఒక్క సర్టిఫికెట్టు కోసం పిల్లలు ఐదు కిటికీల దగ్గర నిలబడి ఐదుసార్లు పేరు చెప్పుకోవాలి. మధ్యాహ్నం ఒక కిటికీ మూస్తే మర్నాడు మళ్ళీ మొదటి నుంచి. దాన్నంతా ఒకే కిటికీగా ఎలా చేయవచ్చో, ఏ సంతకం అవసరమో, ఏది ఉత్త దర్పమో, కాగితం కాగితం లెక్కన రాసింది. పంపిన వారానికి యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆమె రాసినదాంట్లో నూటికి డెబ్భై ఒక్క వంతులు ఇంకొకరి పత్రంతో అక్షరాలా కలుస్తోందట. ఆ పత్రం ఆమె ప్రాజెక్టు కంటే తొమ్మిది రోజుల ముందే బయటికి వచ్చిందట. వారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే పేపరు రద్దు, చదువు అక్కడితో సరి. కింద ఆ పత్రం ఎక్కడుందో ఇచ్చారు. అది వాళ్ళ కాలేజీ వెబ్‌సైటే.

కాలేజీలో ఆమధ్య వైస్ ప్రిన్సిపాల్ పోస్టు ఖాళీ అయింది. పోటీలో ముగ్గురున్నారు, అందులో ఆయనొకడు. ప్రతి అభ్యర్థీ కాలేజీని ఎలా బాగుచేస్తాడో ఒక ప్లాన్ రాసివ్వాలి. వాటిని వెబ్‌సైట్లో పెట్టి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమంటారు. భర్త పోటీలో ఉన్నాడు గనక ఆ ఫైలు తాను ముట్టుకోవడం ధర్మం కాదని ఆమే పక్కకు తప్పుకుని, దాన్ని కొత్తగా చేరిన టైపిస్టమ్మాయికి అప్పగించింది. ఒక్క ప్లాన్ కూడా తెరిచి చూడలేదు. నీతిగా ఉన్నందుకు దక్కిన ఫలం ఇది.

లైబ్రరీలో వెనక బల్ల దగ్గర కూర్చుని తెరిచింది. మొదటి పేజీలో ఆయన ఫోటో, కోటు వేసుకుని. రెండో పేజీ నుంచి ఆమె. ఐదు కిటికీలు ఆమెవి. సంతకాల లెక్క ఆమెది. "కౌంటరుకి ఇవతల కూర్చున్నవాళ్ళకి కుర్చీ ఉంటుంది, అవతల నిలబడ్డవాళ్ళకి కాళ్ళే ఉంటాయి" అన్న వాక్యం కూడా ఆమెదే. ఆ వాక్యం దొరికిన రోజు ఆమె తనకు తానే చప్పట్లు కొట్టుకుంటూ గది చుట్టూ తిరిగింది. పద్నాలుగో పేజీకి వచ్చేసరికి పక్కనే వంగి చూస్తున్న లైబ్రేరియన్ ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్కడ ఇలా ఉంది:

"విద్యార్థి తన పేరు ఐదుసార్లు చెప్పుకోవలసిన అగత్యం లేకుండా అత్తయ్యా పాలు పొంగిపోతున్నాయి కాస్త స్టవ్ కట్టెయ్యండి ఒకే కిటికీలో పని పూర్తయ్యే విధానాన్ని నేను ప్రవేశపెడతాను."

లైబ్రేరియన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని విన్నాను గానీ, పాలు పొంగించుకుని మరీ తాగడం ఇదే చూడ్డం! ఇంత చదువుకున్నవాడు ఒక్కసారి చదివి చూసుకోవద్దుటే?" అంది.

ఎందుకు చూసుకోలేదో ఆమెకు వెంటనే తెలిసింది. తెలిసి, నవ్వు రాలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆయన రాసిన ప్రతి కాగితం ఆమే చదివి దిద్దేది. డిపార్ట్‌మెంటు రిపోర్టులు, ఉపన్యాసాలు, సెలవు చీటీలు కూడా. రాయడం వరకే ఆయన పని, చదివి చూసుకోవడం ఆమె పని. ఈ ఒక్కటీ మాత్రం ఆమెకు చూపించలేకపోయాడు.

ఆమె యూనివర్సిటీలోని తన ప్రాజెక్టు గైడుకి ఫోన్ చేసింది. ఆవిడ అంతా విని నెమ్మదిగా చెప్పింది. "మీ ఫోనులో రాసిన తేదీలు పంపండి. ఇది మీరొక్కరే రాశారని చెప్పాలి. ఇద్దరు కలిసి రాశామంటే మాత్రం పేపరు పోతుందమ్మా. మళ్ళీ ఏడాది ఆగాలి."

సాయంత్రం ఇంట్లో ఉత్తరమూ, పద్నాలుగో పేజీ కాపీ ఆయన ముందు పెట్టి, అత్తయ్యా అన్న ఆ వాక్యం పైకి చదివింది. ఆయన తేలు కుట్టిన దొంగలా ఉత్తరం మడిచి పక్కన పెట్టాడు. తర్వాత కుర్చీ దగ్గరగా లాక్కున్నాడు, అదీ ఓ కొత్త అలవాటే.

"మనిద్దరి మధ్యా నీది, నాది ఏమిటోయ్? ఆలుమగలం. నా పేరొస్తే నీ పేరొచ్చినట్టు కాదూ?"

"అడిగి తీసుకుంటే ఏమైందండీ?"

"అడిగితే ఇచ్చేదానివే. నువ్వు కాదనవని నాకు తెలుసు కదా! అందుకే అడగలేదు." ఎంత నమ్మకమో! "ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒక్కటే. కలిసి రాశామని రాసెయ్. ఒక్క మాట."

"ఆ ఒక్క మాటతో నా చదువు పోతుంది."

"పోవడమేమిటి, ఏడాది వెనక్కి వెళుతుంది. చదువు ఎక్కడికి పారిపోతుంది? నాకీ పోస్టు మళ్ళీ రాదు. రేపటితో అభ్యంతరాల గడువైపోతోంది, ఒక్కడూ ఆ పేజీ దాకా చదవలేదు. ఇంటిదానివి, నువ్వే నోరు జారితే నా పరువేం కావాలి?"

ఆమె ఏమీ అనకముందే లోపలి గదిలోంచి అత్తగారు వచ్చింది. రాగానే కొడుకు పక్షం నిలబడుతుందని ఆమె నడుం బిగించుకుంది. ఆవిడ అడిగింది మాత్రం వేరే. "నా ఊసు నీ కాగితాల్లోకి ఎందుకొచ్చిందిరా? కాలేజీ అంతా చదువుకుంటున్నారా ఏమిటి?"

"అబ్బే, ఏం లేదమ్మా. పాలు పొంగుతున్నాయని ఓ మాట పడింది. నువ్వు స్టవ్ కట్టేశావుగా, అయిపోయింది."

"నేనెక్కడ కట్టాను? నాకు వినపడేలోపే పొంగి పోయాయి. స్టవ్ అంతా తుడిచింది ఆ పిల్లే. తుడుస్తూ కూడా ఆ ఫోనుతో గొణుగుతూనే ఉంది." ఆవిడ కోడలి వైపు చూసింది. ఆ చూపులో జాలీ లేదు, మెచ్చుకోలూ లేదు. "ఎవరైనా నన్నడిగితే అదే చెబుతాను. ఈ వయసులో నాచేత అబద్ధాలాడించకండి," అని, మోకాళ్ళు పట్టుకుంటూ లోపలికి పోయింది.

ఆవిడ ఎందుకలా అందో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టలేదు. నిజం మీద గౌరవమో, స్టవ్ కట్టలేదన్న నింద పడకూడదనో! ఏదైతేనేం, ఆ ఇంట్లో ఆమె చేసిన పనిని చేసినట్టుగా ఒకరు పైకి చెప్పడం అదే మొదలు.

పొద్దున్న ఆఫీసుకు వెళుతూనే ఫోనులోని తేదీలన్నీ, ఆ పాల వాక్యంతో సహా, యూనివర్సిటీకి పంపింది. 'ఇది ఎవరి రచన?' అన్న గడిలో 'నాది' అని రాసింది. 'మాది' అని రాసిరాసి అలవాటైన చెయ్యి మొదటి అక్షరం దగ్గర ఒక్కసారి ఆగింది, అంతే. దాంతో ఆమె చదువు ఆమెకు మిగిలినట్టే. ఇక ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆయన వైస్ ప్రిన్సిపాల్ అవుతాడు, ఆ ఒకే కిటికీ ఆయన పేరున తెరుచుకుంటుంది, రిబ్బను కత్తిరించే కత్తెర ఆమే పళ్ళెంలో పెట్టి అందిస్తుంది. ఆయన మళ్ళీ కప్పులు కడిగినా కడుగుతాడు. ఆ కడిగిన కప్పులను తాను ఎంత కాలం అనుమానంగా చూస్తూ బతకాలో తలుచుకుంటే ఆమెకు ఊరుకోబుద్ధి కాలేదు.

నాలుగున్నరకి బల్ల సొరుగు మూసి, వెనక గుమ్మంలోంచి బయటికి వెళ్ళి, వరండా చుట్టి వచ్చి, మూడో నంబరు కిటికీ దగ్గర లైనులో నిలబడింది. ముందు నలుగురు విద్యార్థులున్నారు. పక్కకు తప్పుకోబోయారు, వద్దంది. ఆ కిటికీని ఇన్నేళ్ళూ లోపలి నుంచే చూసింది. బయటి నుంచి ఇంత ఎత్తులో ఉంటుందని, మాట వినపడాలంటే మెడ సాచాలని ఇవాళే తెలిసింది.

తన వంతు రాగానే టైపిస్టమ్మాయి కంగారుగా లేచి నిలబడింది. "అయ్యో మేడమ్, మీరు బయట నిలబడ్డారేంటి? లోపలికి రండి!"

"అభ్యంతరం ఇవ్వడానికి వచ్చాను. కూర్చో. ఫారం తియ్యి."

ఆ పిల్ల కూర్చుంది. పేరు రాసింది, ఎవరి మీదో రాసింది, రాసి పెన్ను పట్టుకుని ఆగిపోయింది. ఇంకో గడి ఉంది. అడక్కపోతే రూలు ఒప్పుకోదు, అడగడానికి నోరు రావడం లేదు. సూపరింటెండెంటు ఆయనకేమవుతుందో కాలేజీలో తెలియనిదెవరికి? చివరికి తలొంచుకునే అడిగింది.

"మేడమ్... అభ్యర్థికి మీరేమవుతారు?"

"ఆ ప్లాన్ రాసిన మనిషిని," అంది ఆమె. "అలాగే రాయి."