మూడు రోజుల పెట్టె

"పారిపోయేవాడు కొత్త పెట్టె కొంటాడంటే? కొనడు. అందుకే మనం కొనాల" అంది మా అత్త ప్రభావతి, ఒత్తులు చేసుకుంటూ. ఒత్తులు చేసేటప్పుడే ఆవిడ బుర్ర బాగా పనిచేస్తుంది.

ఊరు వదలాలని అప్పటికే తేలిపోయింది. ఓట్ల లెక్కింపు అయిన మర్నాడు పాలకేంద్రం దగ్గర కొట్టుకున్నారు. గెలిచినవాళ్ళ మనిషొకడి తల పగిలింది. నా మొగుడు ఫణీంద్ర ఆ సమయానికి చేలో బోరు దగ్గర ఉన్నాడు. అయినా ఓడిన పార్టీకి బూత్ ఏజెంటుగా కూర్చున్న పాపానికి పోలీసు కేసులో అందరికంటే ముందు అతని పేరే రాయించారు. ఆదివారం పంచాయితీ అని, అప్పటిదాకా ఊరి పొలిమేర దాటొద్దని రామబ్రహ్మం కబురు పెట్టాడు. ఊరిపెద్ద, వరసకి నాకు బాబాయి. పోయిన ఎన్నికల తర్వాత ఆయన పెట్టిన పంచాయితీకి మర్యాదగా వెళ్ళి కూర్చున్న మనిషి ఇప్పటికీ చంకల్లో కర్రలు పెట్టుకునే నడుస్తున్నాడు. పోలీసులకి చెప్పుకోలేకపోయారా అని పట్నం వాళ్ళు అడుగుతారు. అడగనీండి.

మా భవ్యకి కిందటేడు డెంగీ జ్వరం వచ్చి, చేతుల్లోంచి పోతుందేమో అన్నంత పనైంది. బతికితే తిరుపతి తీసుకొచ్చి మూడు కత్తెర్లు ఇప్పిస్తానని వెంకన్నకి మొక్కుకున్నాను. మొక్కు నిజం. తీర్చకపోవడమూ నిజమే. అత్త ఇప్పుడు దాన్ని బయటికి తీసింది. మొక్కుకి పోయేవాణ్ణి ఆపడానికి రామబ్రహ్మానికి కూడా గుండె చాలదంది. చాల్లేదు. "మంగళవారం పోయి శుక్రవారం పొద్దుగూకేసరికల్లా రండి" అని సెలవిచ్చాడు.

మూటలు, గోతాలు కట్టుకుని వెళితే ఊరంతా పసిగడుతుంది. అదే పిల్లకి ఒక కొత్త పెట్టె కొని నలుగురూ చూసేలా వీధిలో లాక్కొస్తే, పండగకి పోతున్నట్టే ఉంటుంది. అదీ అత్త ఆలోచన. భవ్యకి మాత్రం నిజం చెప్పకూడదని ముగ్గురం అనుకున్నాం. ఎనిమిదేళ్ళ పిల్ల, నోట్లో నువ్వుగింజ నానదు. దానికి తిరుపతి అంటే తిరుపతే, మూడు రోజులంటే మూడు రోజులే.

సోమవారం దాన్ని వెంటబెట్టుకుని నరసరావుపేట వెళ్ళాను. రోహిణి కార్తె ఎండ. రోళ్ళు పగలడం సంగతి అటుంచి, బస్సులో సీటు మీద చెయ్యి పెట్టనివ్వలేదు. బస్టాండు పక్క వీధిలో షబ్బీర్ కొట్లో పెట్టెలు తలుపు దాకా పేర్చి ఉన్నాయి.

"ఎన్ని రోజులకమ్మా?" అన్నాడు షబ్బీర్.

పెట్టెలు అమ్మేవాడు అడగాల్సిన మాటే అది. నా కంటే ముందు భవ్య మూడు వేళ్ళు చూపించి "మూడు రోజులకి! తిరుపతికి!" అంది.

చిన్నదీ, మధ్యదీ, పెద్దదీ మూడు దించి వరసగా నిలబెట్టాడు. పెద్దదాని జిప్పు తీసి చూపించి, "తీసుకునేదేదో ఇది తీసుకోమ్మా. పిల్ల ఎదిగిద్ది. నాలుగేళ్ళు నిక్షేపంగా వచ్చిద్ది" అన్నాడు.

ఆ పెద్దపెట్టెలోకి చూస్తూ నిలబడ్డాను. అందులో దాని పట్టుపరికిణీ పడుతుంది. చలికోటు పడుతుంది. బడిలో ఇచ్చిన కప్పు, బొమ్మల పుస్తకాలు, పుట్టినప్పుడు మా అమ్మ కుట్టిన బొంత కూడా పడతాయి. కొంచెం కూరితే దాని ఎనిమిదేళ్ళూ పట్టేస్తాయి. కొందామని నోటిదాకా వచ్చింది. మూడు రోజులకి అంత పెట్టె ఏందమ్మాయ్ అని రామబ్రహ్మం అడిగినట్టు కూడా వినపడింది.

"చిన్నది చాల్లే అన్నా" అన్నాను.

ఊదారంగుది, సీతాకోకచిలుక బొమ్మది తీసుకుంది భవ్య. దానికి మూడంకెల తాళం ఉంది. నంబరు పెట్టుకోమని షబ్బీర్ నేర్పిస్తే, అది నాకు వీపు తిప్పి సున్నా, రెండు, ఒకటి పెట్టుకుంది. నేను భుజం మీంచి చూశాను. ఇరవై ఒకటి ఏందే అంటే, "చెప్పను" అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఊళ్ళో బస్సు దిగి సిమెంటు రోడ్డు మీద గరగరమని లాక్కుంటూ నడిచింది. ప్రతి గడపలోంచీ ఒక తల బయటికొచ్చింది. పక్కింటి సైమా గేటు దగ్గర ఆపి, "ఎవరిదే ఇంత ముద్దుగుంది?" అంది.

"నాదే సైమా పిన్నీ. తిరుపతి పోయి మూడు రోజుల్లో వస్తాం."

అత్త అనుకున్నదంతా జరిగిపోయింది.

ఆ సాయంత్రం పెట్టె తనే సర్దుకుంటానని పట్టుబట్టింది. మూడు గౌన్లు, మూడు లోపలి బట్టల జతలు, దువ్వెన, తువ్వాలు, ఎండకి టోపీ. నేను మెల్లగా అడుగున చలికోటు దూర్చాను. తీసి బయట పడేసింది. "ఎండలు మండతంటే కోటేందమ్మా?" ప్రోగ్రెస్ కార్డు పెట్టాను. అదీ తీసేసింది. "సెలవులుగా!" బొంత మడిచి తెచ్చాను. "మూడు రోజులకి బొంతెందుకు? నీకు సర్దటం రాదమ్మా" అంది. రెండు తగిలిద్దామన్నంత కోపం వచ్చింది. తగిలించి ఏం చెప్పను? బొంత తీసుకెళ్ళి మళ్ళీ బీరువాలో పెట్టాను. ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు మాత్రం గుడ్డలో చుట్టి నా నడుముకి కట్టుకున్నాను.

మంగళవారం పొద్దున్నే తయారయ్యాం. అత్త పెరట్లో కోళ్ళని వదిలేసింది. వాటి తిండి అవే తింటాయి. కొట్టంలో గంప కింద గుడ్లు పొదుగుతున్న నల్లకోడి ఒకటుంది. దాని గంప కూడా ఎత్తి పక్కన పెట్టింది. నేను తాళంచెవి పట్టుకుని వాకిట్లో నిలబడితే భవ్య ఎంతకీ రాదు. లోపల ఏవో గిన్నెల చప్పుడు.

"ఏం చేస్తన్నావే? బస్సు పోయిద్ది!"

"వస్తన్నా!"

చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చింది. తాళం వేశాను. రెండుసార్లు లాగి చూశాను.

"దూరమా అక్కా?" అంది సైమా. ప్రయాణమయ్యే మనిషిని ఎక్కడికని అడగకూడదు కదా.

"దూరమే" అన్నాను. ఆ రోజు నేను తెలిసి చెప్పిన నిజం అదొక్కటే.

బస్సు షెల్టరులో రామబ్రహ్మం, ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. ఫణీంద్ర తల వంచుకుని నిలబడ్డాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. బస్సు వచ్చేదాకా నోరు మూసుకుని నిలబడితే సరిపోయేది. పెద్దవాడు కదా, చెప్పకపోతే బాగుండదని నేనే ముందుకెళ్ళాను.

"పోతున్నాం బాబాయ్" అన్నాను.

అన్నాక తెలిసింది ఏమన్నానో. ఇన్నేళ్ళ బతుకులో పక్కవీధికి వెళ్ళేటప్పుడు కూడా ఆ మాట అని ఎరగను. అబద్ధాలన్నీ వరసగా పేర్చుకున్నాను గానీ, నాలుక మాత్రం నిజం చెప్పేసింది.

రామబ్రహ్మం కండువా భుజం మార్చుకున్నాడు. "పోతున్నాం ఏందమ్మాయ్? పోయొస్తాం అనాల."

"పోయొస్తాం" అన్నాను. ఆలస్యమైపోయింది. ఆయన లేచాడు. ఫణీంద్ర వంక చూశాడు, మా అత్త చేతిలోని సంచి వంక చూశాడు, చివరికి కొత్త పెట్టె దగ్గర ఆగాడు.

"ఏం సర్దుకున్నావు మనవరాలా? చూపియ్యి తాతకి."

అత్త నోట్లో గోవిందనామం మొదలైంది. భవ్య మాత్రం సంబరంగా నేల మీద కూర్చుని, ఆయనకి కూడా నంబరు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని తాళం తీసింది.

మూడు గౌన్లు. మూడు జతలు. దువ్వెన, తువ్వాలు, టోపీ. రామబ్రహ్మం వంగి అడుగుదాకా తడిమాడు.

"ఇంతేనంటే?"

"మూడు రోజులేగా తాతా! అమ్మ కోటు, బొంత పెడతంటే నేనే తీసేశా. అమ్మకి సర్దటం రాదు" అంది.

ఒక్క క్షణం ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ మాటతో అంతా అయిపోయిందనుకున్నాను. కానీ ఆయన నవ్వాడు. పిల్ల ముఖం చూసి నవ్వాడు. ఆ ముఖంలో దొంగతనం వెతికితే మాత్రం ఎక్కడ దొరుకుతుంది? జిప్పు తనే మూసి, "పోయిరా తల్లీ. నాకో లడ్డు తేవాల" అన్నాడు.

"రెండు తెస్తా తాతా. పోయొస్తా!"

బస్సెక్కాక ఫణీంద్ర పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నరసరావుపేట దాకా వదల్లేదు. అక్కడ తిరుపతి బస్సు వదిలేసి గుంటూరు బస్సెక్కాం. గుంటూరు నుంచి ఖమ్మం, మా పిన్ని కూతురి ఇంటికి. భవ్య బోర్డు చదివి అడిగితే, గుంటూరులో రైలుందని చెప్పాను. అప్పటికి అబద్ధం అలవాటైపోయింది. ఫణీంద్ర రెండు ఫోన్లూ ఆపేసి సిమ్ములు తీసేశాడు. ఖమ్మం చేరి, అక్కడినుంచి వకీలుని పట్టుకుని, కోర్టులో ముందస్తు బెయిలు కాగితం చేతికొచ్చేదాకా మేం తిరుపతిలో ఉన్నామనే ఊరు అనుకోవాలి. మాకున్నవి ఆ మూడు రోజులే.

బస్సు నరసరావుపేట దాటాక భవ్య నా చెవి దగ్గర నోరు పెట్టింది. "ఇరవై ఒకటి ఏందో చెప్పనా? నల్లకోడి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులమ్మా. శుక్రవారానికి ఇరవై ఒకటి. మనం పోయేసరికి పిల్లల్ని లేపిద్ది."

"కొట్టంలో కుక్కలు బతకనిస్తయ్యా దాన్ని?" అంది అత్త కళ్ళు మూసుకునే.

"అందుకే రేకుల గదిలో పెట్టా నాయనమ్మా! గంపతో గుడ్లతో సహా. నూకలు, నీళ్ళు మూడు రోజులకి పెట్టా. తలుపుకి గడె కూడా వేశా."

రేకుల గది. వంటింట్లోంచే దారి, కిటికీ లేని గది. మధ్యాహ్నం పూట అందులో మనిషి కాలు పెట్టలేడు. తాళంచెవి నా గుప్పిట్లోనే ఉంది. అరచేతిలో గుచ్చుకునేదాకా బిగించాను.

"సైమాకి ఒక్క ఫోన్ చేస్తా. తాళం పగలగొట్టి తీస్తది" అన్నాను ఫణీంద్రతో, పిల్లకి వినపడకుండా.

"తాళం పగలగొట్టమన్నాక ఇంక తిరుపతేంది? గంటలో రామబ్రహ్మానికి తెలుసుద్ది. కోడి కోసం నన్ను చంపిస్తావా?"

న్యాయమే. అయినా ఆ రోజు ఆ మనిషిని నేను అసహ్యించుకున్నాను, ఆయన కంటే ఎక్కువ నన్ను. గుంటూరు బస్టాండులో ఎంతమంది చేతుల్లోనో ఫోన్లున్నాయి. ఎవరినీ అడగలేదు.

ఖమ్మం చేరాక, గుడి దగ్గర జనం ఎక్కువగా ఉన్నారట, ఇక్కడ ఆగామని చెప్పాం. పిల్ల నమ్మింది. గురువారం బెయిలు వచ్చింది. శుక్రవారం తెల్లారేసరికి అది తలదువ్వుకుని, పెట్టె తలుపు దగ్గర నిలబెట్టి, దాని పక్కన కూర్చుని ఉంది. ఇక దాచడానికి ఏం మిగల్లేదు. పక్కన కూర్చుని చెప్పాను, మనం ఆ ఇంటికి వెళ్ళడం లేదని.

తిరుపతి గురించి అడగలేదు. ఇంటి గురించి అడగలేదు. "మరి కోడి?" అంది.

ఆ పూటే మా చెల్లెలి ఫోన్‌లోంచి సైమాకి చేశాను. ఎత్తలేదు. శనివారం మధ్యాహ్నం తనే చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"నిన్న రాత్రి కడాబస్సు వచ్చేదాకా మీకోసం చూశారక్కా. ఈ పొద్దున తాళం పగలగొట్టారు. టీవీ, మంచాలు, అన్నీ పగలేశారు. రేకుల గదిలో కోడి గుడ్ల మీదే చచ్చిపోయుంది. గిన్నెలో నూకలు సగం అట్టనే ఉన్నయ్యి. అది చూసి రామబ్రహ్మం మామ ఒక మాటన్నాడక్కా."

"ఏమన్నాడు?"

"వద్దులే అక్కా."

"చెప్పు సైమా."

"పిల్లకి కూడా చెప్పలేదంటరా వీళ్ళు, అన్నాడు."

మనుషుల కాళ్ళు విరిచేవాడు అన్న మాట అది.

కోడిని సైమా తీసుకెళ్ళి పెంచుకుంటోందని భవ్యకి చెబుదామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. అది నా ముఖంలోకి చూస్తూ వింటోంది, రామబ్రహ్మం ఆ రోజు చూసినట్టే. చెప్పలేకపోయాను. ఉన్నది చెప్పాను. అది ఏడవలేదు. లేచి వెళ్ళి పెట్టె తాళం నంబరు మార్చుకుంది. కొత్త నంబరు నాకు తెలియదు.

జులైలో ఇక్కడే బడిలో వేశాం. మొదటిరోజు కొత్త బట్టలు వేసుకుని, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ "పోతన్నా" అంది.

"పోతన్నా ఏందే? శుభమా అని బడికి పోతా! పోయొస్తా అనాల" అంది అత్త.

భవ్య బ్యాగు సర్దుకుంది. మొండితనం లేదు, ఎగతాళీ లేదు. మామూలుగానే చెప్పింది.

"అట్టంటే నమ్ముతారు నాయనమ్మా" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.