తలుపు పట్టుకునే మనిషి

ఆ మంగళవారం తెల్లవారుజామున బ్రెడ్డక్క తొమ్మిదో కొట్టు ముందు ట్రేలు దించి వచ్చేసరికి, బండి ముందు అద్దం మీద వైపరు కింద మడతపెట్టిన కాయితం ఒకటి కనిపించింది. వీధిలో నరమానవుడు లేడు. వీధి దీపం కిందికి వెళ్ళి చదువుకుంది.

"అయ్యా, మీ బండి తలుపు రోజూ ఐదింటికి ఏడుస్తోంది. అది వినగానే మా పసిబిడ్డ అందుకుంటోంది. ఇద్దరిలో ఒకరినైనా మీరు ఊరుకోబెట్టగలరేమో చూడండి."

ఇంత మర్యాదగా తిట్టిందెవరా అని చుట్టూ చూసింది. కిటికీలన్నీ చీకటిగానే ఉన్నాయి. 'అయ్యా' అన్న మాటకి మాత్రం నవ్వొచ్చింది. బండెక్కాక ఆ నవ్వుతోనే పక్క సీటు వైపు తల తిప్పింది కూడా. అక్కడ నీళ్ళ సీసా, చేతిగుడ్డ ఉన్నాయంతే.

బ్రెడ్డక్కకి యాభై రెండేళ్ళు. బేకరీ నుంచి పద్నాలుగు కొట్లకి బ్రెడ్డు వెయ్యడం ఆమె పని. ఇరవై ఏళ్ళుగా అదే లైను, అదే పికప్పు బండి. మొన్నమొన్నటిదాకా ఇద్దరు తిరిగేవారు. అక్క నడిపేది, చెల్లెలు పక్కన కూర్చునేది. కొట్టు రాగానే చెల్లెలు దిగి, వెనక నుంచి ట్రేలు దించి, నిన్నటి ఖాళీ ట్రేలు ఎక్కించి వచ్చి కూర్చునేది. అక్క స్టీరింగు వదిలేది కాదు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. చేసుకోమని గట్టిగా అడిగినవాళ్ళు లేరు, వాళ్ళకీ అంత తొందర లేకపోయింది. మూతపడిన ఒక ప్రెస్సు వెనక రెండు గదుల ఇంట్లో ఉండేవారు. అలాంటిది, నలభై ఆరో ఏట చెల్లెలు కళ్ళద్దాలు చేయించుకోవడానికని వెళ్ళి, కళ్ళద్దాలతోపాటు మొగుణ్ణి కూడా కుదుర్చుకుని వచ్చింది. ఆ దుకాణంలో అద్దాలు అరగదీసే ఆయన. భార్య పోయి ఆరేళ్ళయింది, ఇంట్లో మంచం పట్టిన తల్లి ఉంది. మనిషి నెమ్మదస్తుడు. బ్రెడ్డక్క ఆయన్ని ఏ వరసా పెట్టి అనుకోలేదు. మనసులో 'కళ్ళద్దాలాయన' అనేసుకుంది.

సామాను సర్దుకుంటూ ఆ రోజు చెల్లెలు అడిగింది, "ఒక్కదానివి లైను ఎలా తిరుగుతావే అక్కా?"

"ఇన్నాళ్ళూ నువ్వు చేసిందేముందిలే. దిగడం, ఎక్కడమేగా," అంది అక్క.

అన్నాక నాలిక్కరుచుకుంది గానీ మాట జారిపోయింది. చెల్లెలు మడతపెట్టిన దుప్పటిని విప్పి, మళ్ళీ మొదటినుంచి మడతపెట్టింది.

అదయి ఎనిమిది నెలలు. దిగడం, ఎక్కడం అంటే ఏమిటో ఈ ఎనిమిది నెలల్లో బ్రెడ్డక్క మోకాళ్ళకి బాగా తెలిసొచ్చింది. అంతకుముందు డ్రైవరు వైపు తలుపు రోజుకి రెండుసార్లు తెరుచుకునేది. ఇప్పుడు ప్రతి కొట్టు దగ్గరా తెరుచుకోవాలి. దిగేటప్పుడు ఆమె ఆ తలుపునే పట్టుకుని, ఒంటి బరువంతా దాని మీద మోపి దిగేది. పాత బండి, తలుపుకి పాత మడతబందులు. ముందు కిర్రుమంది, తరవాత కీచుమంది, ఇప్పుడు గొంతు చించుకుంటోంది. చెల్లెలి వైపు తలుపు మాత్రం కిక్కురుమనదు. వారం వారం చెల్లెలు దానికి నూనె పెట్టుకునేది. ఇప్పుడు దాన్ని తెరిచేవాళ్ళే లేరు.

చీటీ వచ్చిన మధ్యాహ్నం బ్రెడ్డక్క బందుల్లో కుట్టుమిషను నూనె పోసింది. తలుపు ఒక రోజు నోరు మూసుకుని, మర్నాడు మళ్ళీ మొదలెట్టింది. గ్రీజు మెత్తింది. దానికి దుమ్ము అంటుకుని, కీచుకి తోడు గరగర కూడా వచ్చి చేరింది. ఇక లాభం లేదని శుక్రవారం మెకానిక్కు దగ్గరికి వెళ్ళింది. పెద్దాయన. ఆ బండి మంచీచెడ్డా మొదటినుంచీ ఆయనకే తెలుసు.

"తలుపు తెరిచి, చివర పట్టుకుని పైకెత్తమ్మా," అన్నాడు కుర్చీలోంచి లేవకుండా.

ఎత్తింది. తలుపు బొటనవేలి మందం పైకి లేచి, వదలగానే టక్కున కిందికి పడింది.

"చూశావా. ఇది నూనె లేక ఏడవడం లేదు. బందుల్లో పిన్నులు అరిగిపోయాయి. పిన్ను చుట్టూ చిన్న గొట్టంలా ఇత్తడి బుష్షుండాలి, అది ఎప్పుడో పొడైపోయింది. ఇనుమును ఇనుము కొరుక్కుతింటోంది."

"నువ్వే మార్చిపెట్టు బాబాయ్."

"నడుం పట్టేసిందమ్మా. నెల్లాళ్ళు బరువు ముట్టుకోవద్దన్నారు. పనివాడు సెలవులో ఉన్నాడు. అయినా ఇదేం బ్రహ్మవిద్య కాదు, నువ్వే చేసుకోగలవు. పిన్నులు, బుష్షులు ఇస్తా, పాత పిన్ను కొట్టడానికి కడ్డీ ఇస్తా. ముందు కిందిది కొట్టు, తరవాత పైది. కానీ ఒక్క మాట. పని జరుగుతున్నంతసేపూ తలుపు పట్టుకునే మనిషి ఒకరుండాలి. పాతకాలం రేకు, బస్తా బరువుంటుంది. ఒక్కదానివే మొదలెట్టకు."

"అలాగేలే," అంది బ్రెడ్డక్క.

ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆలోచించింది. ఎవర్ని పిలవాలి? బేకరీలో లోడు ఎక్కించే మనిషి ఉన్నాడు. అతనికి ఆమె గొంతు తెలుసు, పగటి వెలుతుర్లో చూస్తే పోల్చుకుంటాడన్న నమ్మకం లేదు. కొట్లవాళ్ళంతా ఆమె వెళ్ళిపోయాక లేచేవాళ్ళు. వాళ్ళకి బ్రెడ్డు తెలుసు, మనిషి తెలియదు. ప్రెస్సువాళ్ళు తాళం వేసుకుని పోయి ఏళ్ళయింది. అందరూ లేచే వేళకి తలుపేసుకుని పడుకునే మనిషికి, ఓ అరగంట ఈ తలుపు పట్టుకోండి అని అడగడానికి ఇంత ఊళ్ళో ఒక్కరు లేరు. ఉన్న ఒక్కదాన్నీ అడగడానికి నోరు రాదు.

ఆదివారం లైను ఉండదు. పొద్దెక్కాక బండిని ప్రెస్సు వెనక నీడలో పెట్టి, తలుపు తెరిచి, కింద జాకీ నిలబెట్టింది. జాకీ మీద బ్రెడ్డు ట్రే బోర్లించి, దాని మీద పాత బొంత మడిచి వేసి, తలుపుకి ఆనేదాకా ఎత్తింది. చూడ్డానికి బాగానే ఉంది. కింది పిన్ను నాలుగు దెబ్బలకే ఊడొచ్చింది. మెకానిక్కు బాబాయ్ ఊరికే భయపెట్టాడు అనుకుంది. పైది మొండికేసింది. కిందనుంచి కడ్డీ ఆనించి కొట్టగా కొట్టగా, ఉన్నట్టుండి బయటికి ఎగిరింది. అదే క్షణంలో ట్రే ఫెళ్ళుమని విరిగి, జాకీ పక్కకి ఒరిగిపోయింది. తలుపు వచ్చి ఆమె భుజం మీద పడింది.

సుత్తి వదిలేసి రెండు చేతులా తలుపుని వాటేసుకుంది. వదిలితే కిటికీ అద్దం పోతుంది. అద్దం పోతే రేపు లైను పోతుంది. కదలడానికి లేదు, దించడానికి లేదు. అలా నిలబడింది. అప్పుడు సీటు మీద ఫోను మోగింది.

చెల్లెలే. ప్రతి ఆదివారం పదకొండింటికి చేస్తుంది. తిన్నావా అంటుంది. ఆ, అంటుంది అక్క. ఒంట్లో బాగుందా అంటుంది. ఆ. సరే అయితే. ఆ. ఎనిమిది నెలలుగా ఇదే మాట్లాడుకుంటున్నారు. ఇప్పుడు ఆ ఫోను మూరెడు దూరంలో మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆగింది. బ్రెడ్డక్క చెంప రేకుకి ఆనించి, కళ్ళు మూసుకుని వింది. మూడోసారి మోగుతున్నప్పుడు ఆమెకి భుజం నొప్పి కంటే అది ఇక మోగదేమోనన్న దిగులే ఎక్కువైంది. పళ్ళు బిగించి, మోకాళ్ళు కొంచెం కొంచెంగా వంచి, తలుపుని తొడ మీదుగా జార్చుకుంటూ నేల మీద కూలబడింది. మోచెయ్యి గీసుకుపోయింది. అద్దం మాత్రం పగల్లేదు. తలుపుని బొంత మీదికి నెట్టి, పాకినట్టే వెళ్ళి ఫోను అందుకుంది.

"ఎక్కడికి పోయావే? గుండె ఆగినంత పనైంది నాకు," అంది చెల్లెలు.

"తలుపు కింద ఉన్నా."

"ఏ తలుపు?"

చెప్పింది. చీటీ సంగతి, పిన్నుల సంగతి, జాకీ సంగతి. చెబుతూ చెబుతూ, "పట్టుకోవడానికి ఎవరూ లేరే," అంది. అనాలనుకుని అన్నది కాదు.

అవతల చెల్లెలు ఫోను పక్కకి పెట్టి ఎవరితోనో రెండు మాటలు మాట్లాడింది.

"ఆయన్ని పంపిస్తున్నా," అంది చెల్లెలు. "అత్తయ్యని వదిలి ఇద్దరం రాలేం. నేనొస్తే మనం పోట్లాడుకుంటూ కూర్చుంటాం, తలుపు బొంత మీదే ఉంటుంది."

కళ్ళద్దాలాయన రెండు బస్సులు మారి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉద్యోగానికి పిలిస్తే వచ్చినవాడిలా గేటు దగ్గర ఆగి, "నమస్కారం వదినగారూ, తలుపు ఎక్కడ?" అన్నాడు.

చూపించింది. ఆయన జేబురుమాలు మడిచి భుజం మీద వేసుకుని, బుష్షులు దిగ్గొట్టడం అయ్యేదాకా పక్కన నిలబడి, ఆమె చెప్పగానే తలుపుని ఎత్తి పట్టుకున్నాడు. బక్కపలచటి మనిషే గానీ చెయ్యి వణకలేదు. బందు రంధ్రాల్లోకి ఒక కన్ను మూసి చూసి, "ఇంకో వెంట్రుకంత మీ వైపుకి," అన్నాడు. వెంట్రుకంత జరిపితే పిన్ను నిజంగానే దారి పట్టింది. పైపిన్ను సగం దిగాక, తలుపు అవతలినుంచి ఆయన గొంతు వినిపించింది. మనిషి మొహం ఆమెకి కనపడటం లేదు.

"వదినగారూ, మీరు పొద్దున ఎన్నింటికి లేస్తారు?"

"మూడున్నరకి."

"తనూ అంతేనండి. మూడున్నరకి లేచి వంటింట్లో కూర్చుంటుంది. పడుకోమంటే నిద్ర రాదంటుంది. అప్పుడప్పుడూ గడియారం చూసి, ఈపాటికి అక్క ఫలానా కొట్టు దగ్గరుంటుంది అంటుంది. నాతో కాదు, ఊరికే పైకి అనుకుంటుంది." తలుపు మీద పట్టు సర్దుకున్నాడు. "నేను లేచి టీ పెట్టి ఇస్తాను. తాగుతుంది. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదండి."

సుత్తి ఆగిపోయింది. చెల్లెలు ఎండ మొహం మీద పడేదాకా హాయిగా నిద్రపోతోందని బ్రెడ్డక్క ఇన్నాళ్ళూ అనుకుంది. ప్రతి కొట్టు ముందూ బరువు దించుతూ ఆ నిద్రనే తలుచుకుని కుళ్ళుకుంది. సుత్తి మళ్ళీ సర్దుకుని, "కొంచెం ఎత్తండి," అంది. ఆయన ఎత్తాడు. పిన్ను మిగతా సగం దిగింది.

పని అయ్యాక తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూసుకున్నారు. సన్నగా కూడా చప్పుడు లేదు. ఆమె టీ పెట్టి, రెండు బ్రెడ్డు ముక్కలు కాల్చి ఇచ్చింది. ఆయన నిలబడే తిన్నాడు. చొక్కా ముందంతా గ్రీజు.

"మీరొకసారి రండి," అన్నాడు వెళ్ళబోతూ.

"లైను ఉంటుందిగా."

"ఆదివారాలుండదు కదండి," అన్నాడు, మాట మీద మాట అన్నందుకు కాస్త ఇబ్బంది పడుతూ.

బస్సు దగ్గర దింపుతానంది. అక్కర్లేదని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. బ్రెడ్డక్క లోపలికి వచ్చి రెండు కప్పులు కడిగి బోర్లించింది. ఎనిమిది నెలల్లో ఆ పూటే రెండో కప్పు తడిసింది. విరిగిన ట్రే ముక్కలు ఏరింది. ఇంకా చాలా పొద్దుంది.

మర్నాడు బేకరీ వెనక లోడు ఎక్కుతుండగా, సీట్లో కూర్చుని ఫోను తీసింది. చెల్లెలు వెళ్ళాక ఆమె తనంతట తాను చెయ్యడం అదే మొదటిసారి. ఒక్క రింగు కూడా పూర్తిగా మోగలేదు.

"అక్కా? ఏమైంది?"

"ఏం కాలేదు. తలుపు బాగుంది. మీ ఆయన చొక్కా పాడైంది."

"కిరసనాయిలు పెట్టి తుడిచాలే."

వెనక ట్రేలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు చెల్లెలికీ వినపడుతూ ఉండాలి.

"ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది," అంది అక్క.

ఏ రోజని చెల్లెలు అడగలేదు. "మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అంది.

"పోతున్నాయే."

"ఎడం కాలు ముందు పెట్టి దిగు. తొందరపడకు."

"ఊఁ." బ్రెడ్డక్క చేతిగుడ్డ మడిచి పక్కన పెట్టి, "మీ అత్తగారు బ్రెడ్డు తింటారా?" అంది.

"పాలల్లో నానబెడితే తింటుంది. ఎందుకు?"

"ఊరికే అడిగా."

లోడు మనిషి బండి వెనక రేకు మీద రెండుసార్లు చరిచాడు, అయిందన్నట్టు. ఉంటానని ఫోను పెట్టేసి బండి తీసింది. మూడో కొట్టు దగ్గరకి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. ఎడం కాలు ముందు పెట్టి దిగి, టార్పాలిను విప్పి ట్రేల మీద కప్పింది. గాలికి రెండో కొస ఎగిరిపోతుంటే, దాన్ని కట్టి, బండి చుట్టూ తిరిగి వచ్చి మొదటి కొస కట్టింది. వీధిలో ఎవరూ లేచిన జాడ లేదు. తడిసిన చేతులు తుడుచుకుని, ఇంకా పదకొండు కొట్లున్నాయనుకుంటూ బండెక్కింది.