సవతికి రెండు బాల్చీల నీళ్లు

తన మొగుడిలాంటి మనిషితో కాపురం చేయడం ఎవరి తరమూ కాదని ఆ సైసు పెళ్లాం, పనివాళ్ల ఇళ్ల లైన్లలో కనపడినవాళ్లకల్లా చెప్పుకునేది. తాగడు. చెయ్యెత్తడు. పరాయి ఆడదాని వంక కన్నెత్తి చూడడు. చూసినా బాగుండేది, వెళ్లి జుట్టు పట్టుకుని నాలుగు దులిపి రావచ్చు. ఆయనగారు మనసిచ్చింది పందేల మైదానంలోని ఓ ఎర్రటి ఆడగుర్రానికి. దాని జుట్టు పట్టుకుంటే అది తంతుంది.

ఆ గుర్రాన్ని సాకడం సైసుగా ఆయన పని. పొద్దున్నే వెళ్లి మాలీసు చేయాలి, దాణా పెట్టాలి, నీళ్లు పట్టాలి, పందెం వేళకి కళ్లెం పట్టుకుని గేటు దాకా నడిపించాలి. ఇంట్లో పెళ్లాం నడుం నొప్పి అంటే "పడుకో, అదే పోతుంది" అనే మనిషి, దాని మోకాలు కాస్త వెచ్చబడితే రెండు పూటలు అన్నం మానేసేవాడు. దాని శాలలో ఫ్యాను తిరిగేది. వీళ్ల రేకుల గదిలోనూ ఫ్యాను ఉంది, తిరగడం మాత్రం దాని ఇష్టం. శాల తలుపు మీది ఇత్తడి పలకపై దాని తల్లి పేరు, అమ్మమ్మ పేరు, ఆ అమ్మమ్మ తల్లి పేరు, అలా ఏడు తరాలు చెక్కి ఉండేవి. ఈవిడ ఓసారి తన తరాలు వేళ్ల మీద ఎంచుకోబోతే అమ్మమ్మ దగ్గరే వేలు ఆగిపోయింది. ఆ కుళ్లుతో ఆ పూట కూరలో ఉప్పు కాస్త ఎక్కువే పడింది.

క్లబ్బు వరండాలో మైదానం నూరేళ్ల చరిత్ర ఫోటోలై వేలాడేది. గెలిచిన గుర్రం, పక్కన యజమాని, ఆయన భార్య, టోపీలు. కళ్లెం దగ్గర ఒక చెయ్యి. ఆ చేతి వెనక ఉండాల్సిన మనిషిని ఫ్రేము కట్టేటప్పుడే కత్తిరించేసేవారు. ఆ చేతుల్లో ఒకటి మా నాన్నదే అని మొగుడు గర్వంగా చూపించాడు. ఆవిడకి ఒళ్లు మండింది. గుర్రానికి ఏడు తరాలు, మామగారికి ఒక్క మణికట్టు.

ఆ ఏడాది పందేలు మొదలైన రోజున ఆవిడ మరిదిని కొత్తగా వచ్చిన గుర్రం తన్నింది. అతనూ సైసే. మొగుడికి అన్నం పట్టుకెళ్లిన ఆవిడ కళ్లముందే జరిగింది. మోకాలు చితికి అతను గడ్డిలో పడి ఉన్నాడు. మైదానంలో అంబులెన్సులు రెండు. ఒకటి గుర్రాలకి, ఒకటి స్వారీ చేసే జాకీలకి. పందేలు ముగిసేదాకా రెండూ కదలకూడదన్నది రూలు. కాసేపటికి డాక్టరు వచ్చాడు. ఆవిడ చేతులు జోడించింది. ఆయన వంగి, తన్నిన గుర్రం గిట్టకి దెబ్బేమీ తగల్లేదని తేల్చుకుని, నాడా ఒకటి వదులైందని చెప్పి వెళ్లిపోయాడు. మూడు పందేలు అయ్యాక మరిదికి బండి దొరికింది. ఆసుపత్రిలో కాలు మోకాలి పైదాకా తీసేశారు.

మర్నాడు గడ్డి గోదాములో మీటింగు. అరవై కుటుంబాలు వచ్చాయి. నాడాలు కొట్టే మేస్త్రి దాణా బస్తా ఎక్కి మాట్లాడాడు. గుర్రాలకి డాక్టరు ఉన్నట్టే మనుషులకీ డాక్టరు కావాలి, మనుషులకీ బండి కావాలి. ఒప్పుకోకపోతే రెండు నెలల్లో వచ్చే పెద్ద కప్పు పందెం రోజున ఏ సైసూ కళ్లెం పట్టడు. దానికి అందరూ సరేనన్నారు. గుర్రాలకి నీళ్లు కూడా ఆపేద్దామా అన్న దగ్గర తగువు వచ్చింది.

"నడిపించం, సరే. నీళ్లు మాత్రం మనమే పట్టాలి," అన్నాడు ఆవిడ మొగుడు. "గుర్రం నీళ్లు పట్టిన చేతి వెంట పోతుంది. ఆ చెయ్యి మనం తీసేస్తే..."

ఆవిడ పూర్తి చెయ్యనివ్వలేదు.

"ఆగవయ్యా. తమ్ముడి కాలు పోతే నీకింకా దాని దాహమే కనపడుతోందా? అన్నలారా, ఈయన మాట వినకండి. ఆ మహాతల్లి గొంతు తడవకపోతే ఈయనకి ముద్ద దిగదు."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మీ ఇంటి గొడవ ఇక్కడెందుకమ్మాయ్ అని ఓ ముసలి సైసు విసుక్కున్నాడు. మా ఇంటికీ శాలకీ మధ్య ఒక్క గోడే తాతా, గొడవ నడిచి రావడానికి ఎంతసేపు అందావిడ. గుర్రాలు దాహంతో సకిలిస్తే యజమానులే పరుగున వచ్చి కాళ్లబేరానికి దిగుతారని కూడా చెప్పింది. ఆ మాట అందరికీ నచ్చింది. చేతులు లేచాయి. ఆయన చెయ్యి లేవలేదు.

క్లబ్బువాళ్లు ఒప్పుకోలేదు. కప్పుకి ముందు రోజు సాయంత్రం నుంచి నీళ్లు బంద్. తెల్లారి ఆవిడ చూసేసరికి, మొగుడు చెరో చేతా ఒక బాల్చీతో ఎర్రగుర్రం శాలలోకి పోతున్నాడు. ఆవిడ వీధంతా లేచేలా కేకేసింది. జనం చుట్టుముట్టారు. యజమాని మనిషివన్నారు, తమ్ముడి కాలు అమ్ముకున్నావన్నారు. నువ్వు మాలో లేవు పొమ్మని మేస్త్రి అన్నాడు.

"నీళ్లు పట్టాను. నడిపించను. ఇక మీ ఇష్టం," అని ఆయన గోడవారన కూలబడ్డాడు.

మధ్యాహ్నానికి లారీల్లో బయటి మనుషులు దిగారు. గుర్రమంటే ఏ పక్కన నిలబడాలో కూడా తెలియనివాళ్లు. గుర్రాల శిక్షకుడు వాళ్లకి ఏమీ నేర్పలేదు. తలా ఒక బాల్చీ నీళ్లు చేతికిచ్చాడంతే. గుర్రాలు మూతులు చాపి ఆ బాల్చీల వెంట బుద్ధిగా నడిచి పోయాయి. గేటు దగ్గర బైఠాయించిన అరవై కుటుంబాల ముందు నుంచే, ఒకదాని వెనక ఒకటి, సమ్మె నడిచి వెళ్లిపోయింది. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. సైసు పెళ్లానికి చెవులు వేడెక్కాయి.

ఎర్రగుర్రం మాత్రం బాల్చీని వాసన చూసి మొహం తిప్పేసుకుంది. లాగారు. నాలుగు కాళ్లూ నేలలో పాతినట్టు నిలబడింది. కొరడా తీశారు. వెనక్కి జరిగి, శాల గోడకి ఒరిగింది. ఆ ఏడాది కప్పు దానిదేనని జనం సగం డబ్బు దాని మీదే కట్టారు. అది రాదని తెలిసి స్టాండ్లలో కుర్చీలు లేచాయి. క్లబ్బువాళ్లు కప్పుని వారానికి వాయిదా వేయక తప్పలేదు.

పోలీసులు అందరి ముందే ఆయన్ని పట్టుకున్నారు. గుర్రానికి ఏం పెట్టావని ఇన్‌స్పెక్టరు గద్దించాడు. నీళ్లని చెప్పాడు. నీళ్లలో ఏం కలిపావని అడిగాడు. "ఏం కలపలేదు బాబూ. దాహం తీరింది కాబట్టి పిలిచినవాడి వెంటల్లా పోలేదు," అన్నాడు.

ఆయన్ని ఎక్కించుకుని పోలీసు వ్యాను బయల్దేరబోతే మేస్త్రి వెళ్లి దాని ముందు కూర్చున్నాడు. వెనకే ముసలి సైసు. తర్వాత కర్రల మీద మరిది. అరవై కుటుంబాలూ కూర్చున్నాయి. వచ్చే వారం నీళ్లు ఎవరు పట్టాలో చేతులెత్తి తేల్చే పని లేకపోయింది. ఆడవాళ్లు అప్పటికే కుళాయి దగ్గర బాల్చీలు వరస పెట్టారు.

వ్యాను జాలీలోంచి మొగుడు పెళ్లాన్ని పిలిచాడు. ఇన్నేళ్లకి నాలుగు మంచి మాటలు చెబుతాడేమోనని ఆవిడ దగ్గరికి వెళ్లింది. దాని కుడి మోకాలు వెచ్చగా ఉంది, తడిగుడ్డ కట్టమన్నాడు. ఆవిడకి మళ్లీ కుళ్లు పొంగుకొచ్చింది. దిగమింగుకుని, జనం వైపు తిరిగింది.

"ఆ రోజు గోదాములో మీ చేత చేతులెత్తించింది నేను. మరిది కాలు కోసం అన్నాననుకున్నారు. కాదు. ఆ గుర్రం మీద ఏడుపుతో అన్నాను. ఏడవడానికి నాకు వరండాలో టోపీలవాళ్లు కనపడలేదు, నోరులేనిదే కనపడింది."

ఇంజను మోతలో సగం మాటలు కలిసిపోయాయి. ఏమందని వెనకవాళ్లు అడుగుతున్నారు. ఆవిడ వెళ్లి డ్రైవరు పక్క అద్దం తట్టి, ఎలాగూ కదలవు కదా నాయనా, కాసేపు ఇంజను ఆపమంది. డ్రైవరు ఆపాడు.

"ఈయన చెప్పిందే సరైంది," అంది అందరికీ వినపడేలా. "నేను తప్పు చేశాను."