సిలవరి తొక్కని తోట

కొండప్ప పొద్దున్నే లేచి, పక్క చేని వీరేష్ చీనీ తోట వైపు తిరిగి ఉమ్మనిదే నోట్లో వేపపుల్ల పెట్టడు. ఆరేళ్లుగా అదే వరస.

చీనీని కోస్తావాళ్లు బత్తాయి అంటారు. ఏ పేరుతో పిలిచినా ఐదేళ్లు బిడ్డలా సాకితే గానీ కాపుకు రాని చెట్టు. కొండప్పకు అట్లాంటివి రెండొందలు ఉండేవి. వీరేష్ గట్టుకు పదడుగుల అవతల వెయ్యి అడుగుల బోరు దించాడు. నెల తిరక్కుండా కొండప్ప బోరు గాలి కక్కింది. ఎండిన చెట్లు నరికించాడు గానీ మొద్దులు పెరికించలేదు. రోజూ చూస్తుంటే కోపం పాతబడదని.

గుర్రం సంగతి కుళ్ళాయప్ప మోసుకొచ్చాడు. బెంగళూరుకు టమోటా లారీ తోలే మనిషి. కాలు బెణికిన రేసు గుర్రాన్ని అక్కడెవరో వదిలించుకుంటున్నారని విన్నాడు. అతనూ, కొండప్పా, శనక్కాయ పండించే బయమ్మా ఒకే బడిలో చదివి ఒకే ఏడు మానేసినవాళ్లు. ముగ్గురూ మూడు భాగాలుగా కొన్నారు. కాగితాల్లో దాని పేరు సిల్వర్ అని మొదలై ఇంకేదో పొడుగ్గా ఉండేది. సిలవర తపేలాలు తోమిన బయమ్మ నోట్లో అది సిలవరి అయింది.

లారీ దిగి బయమ్మ వాకిట్లో నాలుగడుగులు వేసింది సిలవరి. తెల్లారేసరికి నాలుగు గిట్టల గుంటల్లోనూ నీళ్లు. వాకిలి బురద చేసిందని బయమ్మ తిట్టుకుంటూ కోళ్లను తోలింది. పగలు ఎండకు ఇంకినా మళ్లీ తెల్లారికి నిండేవి ఆ గుంటలు. కుళ్ళాయప్ప తన టమోటా చేలో, బయమ్మ శనక్కాయ చేలో దాన్ని తిప్పారు. అడిగినవాళ్ల చేలల్లోనూ తిప్పారు. కొండప్ప మాత్రం తన మొద్దుల దగ్గరికి రానివ్వలేదు.

అతనికి కావలసింది తొక్కుడు. గుమ్మఘట్ట పక్కనున్న వాళ్ల ఊళ్లో ఉగాది వెళ్లాక జాతర, గుర్రాల పందెం. భాగమున్నవాడే ఎక్కాలి, అద్దె మనిషి పనికిరాడు. గెలిచిన గుర్రం ఓడినవాడి చేను ఈ మూల నుంచి ఆ మూలకు తొక్కుతుంది. తొక్కనివాడు గెలిచినా ఓడినట్టే లెక్క. వీరేష్‌కు పెళ్లికొడుకుల్ని ఊరేగించే తెల్లగుర్రం ఉంది. కొండప్ప వయసులో ఉండగా రాయదుర్గంలో జట్కా తోలినవాడు. ఎనిమిది నెలలపాటు, నాడాల కింద వీరేష్ డ్రిప్పు పైపులు పటపటా పగలడం తలుచుకుని నిద్రపోయాడు. అంతకు మించి అతను ఆలోచించలేదు, మిగిలిన ఇద్దరూ ఆలోచించలేదు.

పందెంలో సిలవరి మూడు బారల ముందు వచ్చింది. కొండప్ప దిగకుండానే దాన్ని వీరేష్ తోటకు తోలాడు. ఊరంతా వెనకే నడిచింది.

గట్టు మీద వీరేష్, అతని భార్య గంగాదేవి నిలబడి ఉన్నారు. శివరాత్రికే వాళ్ల బోరూ ఎండింది. మూడొందల చెట్లకూ ఆకులు ముడుచుకుపోయాయి. పాదులు కొత్తగా చెక్కి ఉన్నాయి. పైపులన్నీ చుట్టి ఓ పక్కన పెట్టి ఉన్నాయి.

"రాన్నా," అన్నాడు వీరేష్. "వరసగా తొక్కించు. ఆ మూల గూడా ఇడ్సిపెట్టొద్దు."

పందెం మలుపులో వీరేష్ తన తెల్లగుర్రం కళ్లెం బిగించి పట్టడం కొండప్ప కళ్లముందు ఆడింది.

"కావాలనే ఓడినావు గదరా."

"ఊరందరి చేలకూ తోల్తివి. నేనడిగింటే తోల్తాంటివా?"

"తోలను."

"అందుకే ఓడినా."

బయమ్మ వచ్చి కళ్లెం పట్టుకుంది. "రెండు భాగాలు మావి కొండప్పా, లోపలికి తోలు. చెట్లేం జేసినాయి?"

"నా చెట్లేం జేసినాయి బయమ్మా?"

ఆమె చెయ్యి తీసింది. కొండప్ప గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. తిప్పేలోపల దాని ముందరి కాలొకటి గట్టు జారి, మొదటి చెట్టు పాదులో పడింది.

ఆ సాయంత్రం కొండప్ప ఓడినట్టు తప్పెట కొట్టి చాటారు. ఆచారం ప్రకారం తెల్లగుర్రం అతని చేలో మొద్దుల మధ్య నడిచింది. తొక్కడానికి అక్కడేముంది? పట్టుకుని నడిపించే వీరేష్ తల ఎత్తలేదు. కొండప్ప బీడీ ముట్టించి, పెళ్లి భోజనం చేసినవాడిలా చూస్తూ కూర్చున్నాడు.

వైశాఖం దాటేసరికి రెండొందల తొంభైతొమ్మిది చెట్లు ఎండాయి. వీరేష్‌కు బెంగళూరులో అపార్ట్‌మెంటు కావలి పని కుదిరింది, గంగాదేవి గిన్నెలు మూట కట్టింది. బయల్దేరే పొద్దున వీరేష్ చివరిసారి తోటకు పోయాడు. మొదటి చెట్టు పచ్చగా ఉంది. గిట్ట గుంట నిండా నీళ్లు. కొమ్మకు పిందెలు. ఇంటికి వచ్చి మూట విప్పమన్నాడు.

ఆ మాట విన్న మర్నాడే కొండప్ప పార తీసుకుని పోయి, పాదు మట్టే తవ్వి గుంట పూడ్చేశాడు. తెల్లారికి అదే చోట మళ్లీ గుంట పడి నీళ్లు నిండాయి. మళ్లీ పూడ్చాడు. పదో రోజుకు ఆ పాదు మట్టి పిండిలా గుల్లబారింది, చెట్టు కొత్త చివురు తొడిగింది.

పదకొండో రోజు వీరేష్ అక్కడే గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కొండప్పను చూసి కాళ్లు ముడిచి దారి ఇచ్చాడు.

"కొంచెం ఎడంగా తవ్వన్నా," అన్నాడు. "చెట్టు వేరు తెగుతాది."

కొండప్ప వాడి ఏడు తరాలనూ తిట్టాడు. తిట్టి, ఎడంగా తవ్వాడు.